మైదానం నుంచి మొదటి పేజీకి: క్రీడావీరుడి తయారీ

ఆటలో గెలిచినవాడిని పత్రికలు వీరుడిని చేస్తాయన్నది అందరూ ఎరిగిన మాటే. పత్రిక అమ్ముడుపోవడానికి వీరుడు కావాలని, ఆ వీరుడి కోసం ఆటనే పుట్టించిన సందర్భం కూడా ఉంది. పారిస్‌లో లోటో అనే క్రీడా దినపత్రిక పోటీ పత్రిక ధాటికి తట్టుకోలేక 1903 జూలైలో ఫ్రాన్స్ దేశం చుట్టూ సైకిల్ పందెం పెట్టింది. అదే టూర్ ద ఫ్రాన్స్. సంపాదకుడు ఆంరీ దెగ్రాంజ్ పందేనికి నిర్వాహకుడు. నిబంధనలు రాసింది ఆయనే, తప్పినవారికి శిక్ష వేసింది ఆయనే, మర్నాడు పందెం గురించి సంపాదకీయం రాసింది కూడా ఆయనే. ఆరు దశల్లో 2,400 కిలోమీటర్లు దాటిన ఆ పందెంలో సైకిళ్లు రాత్రిళ్లు సాగేవి. దారి పక్కన కాచుకుని నిలబడ్డవాడికి ఒక్కో పోటీదారు కనిపించేది రెప్పపాటు. మిగతాదంతా పత్రికలో చదువుకోవలసిందే. చూడని దాన్ని చూసినట్టు చెప్పాలి కాబట్టి ఆ రాతల్లో పురాణం చెప్పే గొంతు వినిపించేది. పాతిక వేల చిల్లర ఉన్న సర్క్యులేషన్ రెండింతలు దాటింది. మొదటి విజేత మోరిస్ గారాన్ పొగగొట్టాలు తుడిచే పని నుంచి వచ్చినవాడు. పేదరికంలోంచి లేచిన వీరుడి కథ ఆనాటికే సిద్ధంగా ఉందన్నమాట. మరుసటి ఏడాది పందెం ముగిశాక, మోసాలు బయటపడి గారాన్‌తో సహా మొదటి నలుగురినీ అనర్హులుగా ప్రకటించాల్సి వచ్చింది. వీరుడి కథ, వీరుడి పతనం రెండూ రెండేళ్లలోనే అచ్చయ్యాయి.

ఇరవై ఏళ్లకు మరో రకం రాత ఎదురుపడింది. 1924లో, అంతకు ముందు ఏటి విజేత ఆంరీ పెలిసియే ఒక జెర్సీ నిబంధన విషయంలో నిర్వాహకులతో గొడవపడి పందెం మధ్యలో తప్పుకున్నాడు. ల పెతీ పరిజియన్ పత్రిక విలేకరి ఆల్బేర్ లోంద్ర్ అతన్ని ఒక కాఫీ హోటల్లో పట్టుకున్నాడు. పెలిసియే సోదరులు సంచి విప్పి కళ్లలో వేసుకునే కొకైన్, చిగుళ్లకు రాసుకునే క్లోరోఫాం, రకరకాల మాత్రలు బల్ల మీద పెట్టి చూపించారు. లోంద్ర్ క్రీడా విలేకరి కాడు. ముందు ఏడాదే ఫ్రెంచి గయానాలోని ఖైదీల శిక్షాస్థావరాల గురించి రాసి పేరు తెచ్చుకున్నవాడు. పందెం నడిపే పత్రిక రాయలేని సంగతి, పందెంతో సంబంధం లేని పత్రిక రాయగలిగింది. క్రీడావీరుల గురించి మాధ్యమాల ప్రవర్తనను అర్థం చేసుకోవడానికి ఈ తేడా గట్టి ఆధారం. వీరుడి పేరు మీద ఎవరికి ఆదాయం వస్తున్నదో చూస్తే, అతని గురించి ఏ ప్రశ్న అచ్చు కాదో ముందే చెప్పవచ్చు.

భారతదేశంలో పత్రికలు నిలబెట్టిన తొలి క్రికెట్ వీరుడు కొఠారి కనకయ్య నాయుడు. నాగపూర్‌లో స్థిరపడిన తెలుగు కుటుంబంలో 1895లో పుట్టిన సి.కె., 1926 డిసెంబర్ 1న బొంబాయి జింఖానా మైదానంలో ఆర్థర్ గిలిగన్ నాయకత్వంలోని ఎం.సి.సి. జట్టుపై హిందూ జట్టు తరఫున 153 పరుగులు చేశాడు. రెండు గంటలు నిండకుండానే, పదకొండు సిక్సర్లతో. పాలకుల జట్టును ఒక భారతీయుడు అలా బాదడాన్ని పత్రికలు ఆటగా మాత్రమే చూడలేకపోయాయి. 1932లో లార్డ్స్‌లో భారత తొలి టెస్టు జట్టుకు ఆయనే నాయకుడయ్యాడు. 1941 నాటికి ఒక లివర్ టానిక్ ప్రకటనలో ఆయన బొమ్మ కనిపించింది. భారత క్రికెటర్ సరుకు అమ్మిపెట్టడం అదే మొదలంటారు. జాతీయ గౌరవానికి ప్రతీక, మందుసీసా మీద భరోసా. వీరుడికి ఈ రెండు ఉద్యోగాలూ నేటికీ అవే.

1934లో బొంబాయిలో క్రికెట్ వ్యాఖ్యానం రేడియోలో మొదలైంది. ఎ.ఎఫ్.ఎస్. తల్యార్‌ఖాన్ రోజంతా ఒక్కడే మాట్లాడేవాడు, మైకు మరొకరికి ఇవ్వడం ఆయనకు గిట్టేది కాదు. పత్రికలకు ఒక రాత్రి గడువైనా ఉండేది, రేడియోకు అదీ లేదు. మైదానం చూడని లక్షల మందికి ఆటగాడి నడక, బ్యాటు ఊపు వ్యాఖ్యాత మాటల్లోనే తెలిసేవి. అయినా ఆ కాలపు వీరత్వంలో ఒక మంచి ఉంది. బొమ్మ లేకపోవడం వల్ల వినేవాడు తన ఊహను కూడా పెట్టుబడి పెట్టేవాడు. ఆ ఊహే కాలక్రమంలో చరిత్రలోకి చొరబడడం దాని చెడు. 1936 బెర్లిన్ ఒలింపిక్ హాకీ ఫైనల్లో జర్మనీని 8-1తో ఓడించిన ధ్యాన్‌చంద్‌కు హిట్లర్ సైన్యంలో పదవి ఇవ్వజూపాడన్న కథ తరతరాలుగా అచ్చవుతూనే ఉంది. ప్రతి పత్రికా మరో పత్రికనే సాక్షిగా చూపిస్తుంది.

మిల్ఖా సింగ్ కథ ఇంకా బోధపరిచేది. 1960 రోమ్ ఒలింపిక్స్ 400 మీటర్ల ఫైనల్లో ఆయన నాలుగో స్థానంలో వచ్చాడు. పరుగు మధ్యలో వెనక్కి తిరిగి చూడడం వల్ల పతకం పోయిందని ఆయనే చెబుతూ వచ్చాడు, మాధ్యమాలు అరవై ఏళ్లు అదే వాక్యాన్ని తిప్పి తిప్పి రాశాయి. ఆ పరుగులో మొదటి ఇద్దరూ 44.9 సెకన్లలో వచ్చి ప్రపంచ రికార్డును దాటారు. మూడో స్థానం 45.5, మిల్ఖా 45.6. రోమ్ క్రీడలకు ముందున్న ఒలింపిక్ రికార్డు 45.9 కాబట్టి నలుగురూ దాన్ని మించే పరిగెత్తారు. అంటే అది చేజారిన విజయం కంటే, అసాధారణమైన పోటీలో అసాధారణమైన పరుగు. ఆ 45.6 సెకన్ల జాతీయ రికార్డు 1998 దాకా చెక్కుచెదరలేదు. ముప్పై ఎనిమిదేళ్ల పాటు ఇంత పెద్ద దేశంలో ఒక్కరూ అంతకంటే వేగంగా ఎందుకు పరిగెత్తలేకపోయారన్నది క్రీడా విలేకరి అడగవలసిన ప్రశ్న. శిక్షకులు, మట్టి ట్రాకులు, సమాఖ్యల నిర్వాకం అన్నీ అందులో ఉన్నాయి. కథకు మాత్రం ఒక్క మెడ తిప్పడం చాలింది.

1982 ఢిల్లీ ఆసియా క్రీడల నాటికి దూరదర్శన్‌కు రంగులొచ్చాయి. మరుసటి ఏడాది జూన్ 25న కపిల్ దేవ్ చేతిలో ప్రపంచకప్పు. వీరుడి ముఖం ఇంటింటికీ వచ్చింది. 1995 ఫిబ్రవరిలో, హీరో కప్ ప్రసారాల వివాదంపై సుప్రీంకోర్టు తీర్పు చెబుతూ ఆకాశ తరంగాలు ప్రజల ఆస్తి అని, వాటిపై ప్రభుత్వానికి గుత్తాధిపత్యం చెల్లదని ప్రకటించింది. క్రికెట్ బోర్డు ప్రసార హక్కులను స్వేచ్ఛగా అమ్ముకునే కాలం అక్కడి నుంచే ఊపందుకుంది. అదే ఏడాది సచిన్ తెండూల్కర్ వరల్డ్‌టెల్ సంస్థతో ఐదేళ్లకు కోట్ల రూపాయల ఒప్పందం చేసుకున్నాడు. 2023 నుంచి 2027 వరకు ఐదు ఐపీఎల్ సీజన్ల ప్రసార హక్కుల ధర 48,390 కోట్ల రూపాయలు. అంత సొమ్ము పెట్టినవాడికి ప్రతి సాయంత్రం ఒక వీరుడు కావాలి. మందకొడి ఆటను మందకొడి ఆట అని చెప్పే వ్యాఖ్యాత ఆ వ్యాపారానికి పనికిరాడు. స్వదేశీ మ్యాచ్‌లకు వ్యాఖ్యాతలను బోర్డే ఒప్పందంపై పెట్టుకునే పద్ధతి వచ్చాక, వారు ఎవరిని విమర్శించాలో, ఎవరిని వదిలేయాలో విడిగా చెప్పనక్కరలేకపోయింది. సుప్రీంకోర్టు నియమించిన క్రికెట్ బోర్డు పాలకుల కమిటీ నుంచి 2017 జూన్‌లో తప్పుకున్న చరిత్రకారుడు రామచంద్ర గుహ, తన రాజీనామా లేఖలో ఈ సూపర్‌స్టార్ జబ్బు గురించి, పరస్పర విరుద్ధ ప్రయోజనాల గురించి నిష్ఠూరంగా రాశాడు. ఆ లేఖ రెండు రోజుల వార్తయింది. తర్వాత మళ్లీ మామూలే.

తెలుగు పత్రికలు, చానళ్లలో క్రీడావీరుడికి సినిమా హీరో అచ్చు ముందే తయారుగా ఉంది. బ్యాటర్ ఊచకోత కోస్తాడు, శివతాండవం చేస్తాడు, ఉతికి ఆరేస్తాడు. స్కోరు చెప్పడానికి ముందే ఎలివేషన్ వచ్చేస్తుంది. ఆటగాళ్లు కూడా ఆ భాషలోనే బదులిస్తున్నారు. 2024 డిసెంబర్‌లో మెల్‌బోర్న్ టెస్టులో విశాఖ కుర్రాడు నితీశ్ కుమార్ రెడ్డి అర్ధశతకం కాగానే బ్యాటుతో పుష్ప మార్కు సంజ్ఞ చేశాడు, శతకం కాగానే బ్యాటు నేలకు ఆనించి దానిపై హెల్మెట్ తగిలించి మోకరిల్లాడు. అందులో తప్పు పట్టేదేమీ లేదు, ఇరవై ఒక్క ఏళ్ల వాడి సంబరం అది. చానళ్లు మాత్రం స్టాండ్స్‌లో కన్నీళ్లు పెట్టుకున్న తండ్రి ముత్యాల రెడ్డి ముఖాన్ని రెండు రోజులు తిప్పితిప్పి చూపించాయి. కొడుకు ఆట కోసం ఉద్యోగం వదులుకున్న తండ్రి కథ నిజంగానే గొప్పది. అయితే ఒక జిల్లా కుర్రాడు టెస్టు జట్టు దాకా రావడానికి ఒక తండ్రి ఉద్యోగం వదులుకోవాల్సి రావడం ఎందుకన్నది ఆ దృశ్యం వెనక ఉండిపోయిన ప్రశ్న.

హైదరాబాద్ పేసర్ మహమ్మద్ సిరాజ్‌దీ ఇదే తంతు. ఆటోడ్రైవర్ కొడుకన్న మాట లేకుండా అతని గురించి ఒక్క కథనమూ మొదలయ్యేది కాదు. 2020 నవంబర్‌లో తండ్రి చనిపోయినప్పుడు సిరాజ్ ఆస్ట్రేలియాలో ఉన్నాడు. ఇంటికి రాకుండా అక్కడే ఉండి ఆడాడు. ఆ నిర్ణయాన్ని త్యాగమని కీర్తించినవారు ఎందరో. కొవిడ్ క్వారంటైన్ నిబంధనల మధ్య వచ్చి వెళ్లడం ఎంత కష్టమో, అలాంటి నిర్ణయం తీసుకోవలసి రావడం ఎంత క్రూరమో రాసినవారు తక్కువ.

స్టువర్టుపురం సంగతి మరీ చోద్యం. బ్రిటిష్ పాలనలో నేరస్త తెగల చట్టం కింద సాల్వేషన్ ఆర్మీ నడిపిన సెటిల్‌మెంట్ అది. అక్కడి వెయిట్‌లిఫ్టర్ రాగాల వెంకట రాహుల్ 2014లో నాన్‌జింగ్ యూత్ ఒలింపిక్స్‌లో రజతం, 2018 గోల్డ్‌కోస్ట్ కామన్వెల్త్ క్రీడల్లో 85 కిలోల విభాగంలో స్వర్ణం గెలిచాడు. చాలా శీర్షికలు దొంగల ఊరి నుంచి వచ్చిన బంగారం అన్న ధోరణిలోనే వచ్చాయి. వీరుడి వెలుగు ఎక్కువ కనిపించాలంటే అతని వెనక చీకటి దట్టంగా ఉండాలి. ఆ చీకటి కోసం, చట్టం రద్దై దశాబ్దాలు గడిచినా, ఒక ఊరి మీద వేసిన ముద్రను మళ్లీ మళ్లీ దిద్దారు. పొగడ్త రూపంలో జరిగిన ఈ అవమానానికి ఏ పత్రికా సవరణ వేయలేదు.

ఆడవాళ్ల విషయంలో పొగడ్తకు మరికొన్ని షరతులున్నాయి. 2005లో సానియా మీర్జా యూఎస్ ఓపెన్ నాలుగో రౌండ్‌కు చేరిన రోజుల్లోనే ఆమె ఫోర్‌హ్యాండ్ కంటే స్కర్టు గురించి ఎక్కువ చర్చ నడిచింది. 2010 ఏప్రిల్‌లో ఆమె పెళ్లి సమయంలో హైదరాబాద్ ఇంటి ముందు కెమెరాలు మకాం వేశాయి. 2016లో, డబుల్స్‌లో ప్రపంచ నంబర్ వన్‌గా ఉన్నప్పుడు, జీవితంలో స్థిరపడేది ఎప్పుడని ఒక పేరున్న టీవీ పాత్రికేయుడు అడిగాడు. ఇది మగ ఆటగాడిని అడిగే ప్రశ్న కాదని ఆమె నిలదీస్తే ఆయన అక్కడికక్కడే క్షమాపణ చెప్పాడు. మరుసటి ఏడాది ప్రపంచకప్‌కు ముందు మిథాలీ రాజ్‌ను అభిమాన పురుష క్రికెటర్ ఎవరని అడిగితే, అభిమాన మహిళా క్రికెటర్ ఎవరని మగవాళ్లను అడుగుతారా అని ఎదురు ప్రశ్న వేసింది. ఆ జవాబు వైరల్ అయింది. విలేకరుల సంఘాలు దాన్ని పాఠంగా తీసుకుని ఉంటే ఇంకా బాగుండేది.

పి.వి. సింధు 2016 రియోలో రజతం గెలిచి వచ్చినప్పుడు శంషాబాద్ నుంచి గచ్చిబౌలి దాకా ఊరేగింపు. తెలంగాణ ఐదు కోట్లు, ఆంధ్రప్రదేశ్ మూడు కోట్లు ప్రకటించాయి. ఆమె ఏ రాష్ట్రపు బిడ్డ అన్న వాదన చానళ్లలో సాగింది. ఆమె కులం ఏమిటని అంతర్జాలంలో వెతికినవారు ఎక్కువయ్యారన్న వార్త కూడా వచ్చింది. ఆ తర్వాత 2017లో గ్లాస్గో ప్రపంచ బ్యాడ్మింటన్ ఫైనల్లో జపాన్ క్రీడాకారిణి ఒకుహారాతో 110 నిమిషాలు పోరాడి 20-22తో మూడో గేమ్ కోల్పోయింది. 2018లో ప్రపంచ ఫైనల్, ఆసియా క్రీడల ఫైనల్ కూడా చేజారాయి. రియోలో దేవత అయిన మనిషికి ఫైనల్ ఫోబియా అంటగట్టారు. ఫైనల్స్‌కు వరసగా చేరడమే ఒక ఘనత అన్న లెక్క ఎక్కడా కనిపించలేదు. 2019 ఆగస్టులో బాసెల్‌లో అదే ఒకుహారాను 21-7, 21-7తో ఓడించాక ఆ మాట రాసినవాళ్లే మళ్లీ దేవతను చేశారు.

వీరారాధనకు మరో ముఖం రాళ్లు. 1971లో ఇంగ్లండ్, వెస్టిండీస్‌లలో సిరీస్‌లు గెలిచిన అజిత్ వాడేకర్ ఇంటిపై 1974లో లార్డ్స్‌లో జట్టు 42 పరుగులకు కుప్పకూలిన తర్వాత రాళ్లు పడ్డాయి. 1971 విజయానికి గుర్తుగా ఇండోర్‌లో నిలబెట్టిన కాంక్రీటు బ్యాటుకు తారు పూశారు. 1984 లాస్ ఏంజెలెస్‌లో సెకనులో వందో వంతు తేడాతో పతకం పోగొట్టుకున్న పి.టి. ఉష దేశానికి ముద్దుబిడ్డ. గాయంతోనే 1988 సోల్‌కు వెళ్లి విఫలమైనప్పుడు అదే ఉషను పత్రికలు దుమ్మెత్తిపోశాయి. 2007 ప్రపంచకప్ నుంచి జట్టు ముందే ఇంటిదారి పట్టినప్పుడు రాంచీలో కట్టుకుంటున్న ధోనీ ఇంటిని అభిమానులు పాడుచేశారు. 2011 ఏప్రిల్ 2న ధోనీ జట్టు ప్రపంచకప్ గెలిచాక ఆ సంగతి అందరూ మరిచారు. రాయి విసిరినవాడిని తప్పుపట్టడం సులువే. ఆటగాడు ఓడిపోవచ్చునన్న మామూలు నిజాన్ని పాఠకుడికి ముందే చెప్పి ఉంచని పత్రికకు కూడా అందులో వాటా ఉంది.

నిజంగా నిలదీయాల్సినప్పుడు జరిగిందేమిటో అజారుద్దీన్ ఉదంతం చెబుతుంది. తొలి మూడు టెస్టుల్లో మూడు శతకాలు చేసిన హైదరాబాదీ మణికట్టును తెలుగు పాఠకులు సొంత ఆస్తిగా భావించారు. మ్యాచ్ ఫిక్సింగ్ ఆరోపణలను 1997లోనే ఒక వారపత్రిక బయటపెట్టింది. బోర్డు కోరికపై విచారించిన జస్టిస్ చంద్రచూడ్ ఆధారాలు లేవన్నారు. విషయం అక్కడితో చల్లబడింది. 2000 ఏప్రిల్‌లో దక్షిణాఫ్రికా కెప్టెన్ హాన్సీ క్రోనియే సంభాషణలను ఢిల్లీ పోలీసులు పట్టుకున్నాకే అసలు కథ బయటికొచ్చింది. క్రోనియే తన దేశంలో నిజాయితీకి మారుపేరు. డ్రెస్సింగ్ రూముకు అంత దగ్గరగా ఉన్న క్రీడా విలేకరులకు తెలియని సంగతి ఫోన్లు విన్న పోలీసులకు తెలిసింది. ఆ డిసెంబర్‌లో బోర్డు అజార్‌పై జీవితకాల నిషేధం వేసింది. నిన్నటి దాకా కళాకారుడన్న పత్రికలు రాత్రికి రాత్రి ద్రోహి అన్నాయి. 2012 నవంబర్‌లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఆ నిషేధం చెల్లదని తీర్పిచ్చింది. న్యాయస్థానాలు పన్నెండేళ్లు తీసుకున్న పనిని శీర్షికలు రెండుసార్లూ ఒక్క పూటలో ముగించాయి.

ప్రశ్న అడిగినవాడికి అయ్యే ఖర్చు కూడా లెక్కలో వేసుకోవాలి. లాన్స్ ఆర్మ్‌స్ట్రాంగ్ 1999 నుంచి 2005 దాకా వరసగా ఏడుసార్లు టూర్ ద ఫ్రాన్స్ గెలిచాడు. క్యాన్సర్‌ను జయించి వచ్చినవాడు కాబట్టి అతన్ని అనుమానించడమే పాపమన్నట్టు ఉండేది. లండన్ సండే టైమ్స్‌కు చెందిన డేవిడ్ వాల్ష్ మొదటి ఏడాది నుంచే అనుమానిస్తూ రాశాడు. పరువునష్టం దావాలో ఆ పత్రిక 2006లో డబ్బు కట్టి రాజీపడాల్సి వచ్చింది. తోటి విలేకరులలో కొందరు వాల్ష్‌ను తమ కారు ఎక్కనివ్వడానికి కూడా జంకారు. 2012 అక్టోబర్‌లో డోపింగ్ కారణంగా ఆ ఏడు టైటిళ్లూ రద్దయ్యాయి, మరుసటి ఏడాది పత్రిక తన డబ్బు తిరిగి రాబట్టుకుంది.

ఇప్పుడు వీరుడికి పత్రికతో అవసరమే తగ్గింది. చేతిలోని ఫోనుతో నేరుగా కోట్ల మందితో మాట్లాడతాడు, తన జీవితంపై డాక్యుమెంటరీ తానే తీయించుకుంటాడు. 2021 ఫ్రెంచ్ ఓపెన్‌లో విలేకరుల సమావేశాలకు రానన్న నవోమీ ఒసాకాకు 15,000 డాలర్ల జరిమానా వేస్తే ఆమె టోర్నీనే వదిలి వెళ్లింది. ఆమె చెప్పిన మానసిక వేదన నిజం. అయితే విలేకరి గదిలోంచి వెళ్లిపోతే మిగిలేది ప్రకటనకర్త ఒక్కడే అన్నదీ నిజం.

వీరులే నోరు తెరిచినప్పుడు మాధ్యమాలు ఏం చేశాయో 2023లో తేలింది. రెజ్లింగ్ సమాఖ్య అధ్యక్షుడిపై లైంగిక వేధింపుల ఆరోపణలతో సాక్షి మలిక్, వినేశ్ ఫొగాట్, బజరంగ్ పునియా ఢిల్లీలో రోడ్డెక్కారు. మే 28న పోలీసులు వారిని ఈడ్చుకెళ్లారు. ప్రధానమంత్రితో వారు దిగిన ఫొటోలను గతంలో మొదటి పేజీలో వేసిన పత్రికలున్నాయి. వాటిలో కొన్ని గట్టిగానే నిలిచాయి. పతకాల వెనక రాజకీయం ఉందని వాదించిన చానళ్లు కూడా తక్కువేం కాదు. 1983 ప్రపంచకప్ జట్టు వారికి మద్దతుగా ప్రకటన ఇచ్చింది, నేటి క్రికెట్ తారలు చాలామంది మౌనం వహించారు. దేశానికి పతకం తెచ్చే శరీరంగా ఒప్పుకున్న మనిషిని, హక్కులు అడిగే పౌరురాలిగా ఒప్పుకోవడం కష్టమైంది.

కరణం మల్లీశ్వరి ఉదాహరణ తెలుగువారికి మరింత దగ్గరిది. శ్రీకాకుళం జిల్లా ఆమదాలవలస పక్కన ఊసవానిపేట అమ్మాయి, 1994, 1995లలో ప్రపంచ విజేత. 2000 సిడ్నీకి ఆమెను ఎంపిక చేసినప్పుడు, బరువు పెరిగిందని, పని అయిపోయిందని పత్రికలు ఎద్దేవా చేశాయి. సెప్టెంబర్ 19న ఆమె 69 కిలోల విభాగంలో 240 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చింది. స్వర్ణం, రజతం గెలిచినవారు ఎత్తింది 242.5 కిలోలు. ఒలింపిక్ పతకం గెలిచిన మొదటి భారత మహిళ ఆమె. వెక్కిరించిన కలాలే ఉక్కుమహిళ అన్నాయి. వెయిట్‌లిఫ్టింగ్‌లో భారతదేశానికి మరో ఒలింపిక్ పతకం రావడానికి 2021 దాకా, మీరాబాయి చాను దాకా ఆగాల్సి వచ్చింది. ఈ మధ్యలో 2004 ఏథెన్స్‌లో ఇద్దరు భారత లిఫ్టర్లు డోపింగ్‌లో దొరికారు. విజయనగరం జిల్లా కొండవెలగాడ నుంచి మత్స సంతోషి 2014 గ్లాస్గో కామన్వెల్త్ క్రీడల్లో గెలిచిన కాంస్యం, పైనున్న నైజీరియా అమ్మాయి డోపింగ్‌లో దొరకడంతో రజతమైంది. ఉత్తరాంధ్ర తాలింఖానాల్లో ఏ శిక్షకుడు ఎంత జీతానికి పనిచేస్తున్నాడు, పిల్లలకు తిండి ఎవరు పెడుతున్నారు, మందుల గురించి వారికి ఎవరు చెబుతున్నారు అన్నవి ఒలింపిక్స్ లేని ఏడాదిలో కూడా వార్తలే. ప్రధాన తెలుగు దినపత్రికలకు జిల్లా ఎడిషన్లున్నాయి, మండలానికో విలేకరి ఉన్నాడు. సంపాదకులు ఆ విలేకరిని పతకం వచ్చిన రోజున తల్లిదండ్రుల ఫొటో కోసం పంపుతున్నారు. మామూలు రోజుల్లో కూడా అక్కడికే పంపాలి.